పెట్టె నేర్పిన కీర్తన

నోట మాట రాని మనిషి ప్రార్థిస్తోందో, శపిస్తోందో తేల్చే అధికారం ఒక ఊరికి ఎవరిచ్చారు?

అరకు దాటి, జీపు దారి ఆగిపోయే చోట ఉన్న ఆ కొండ ఊరిలో ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అక్కడి విశ్వాసుల్లో చదువు వచ్చినవారు అరుదు. వాక్యాన్ని చెవితోనే నేర్చుకుంటారు. ప్రార్థన పాకలో, ఎండతో ఛార్జి అయ్యే చిన్న పెట్టె ఒకటి మేకుకు వేలాడుతుంది. అందులో ఒక స్త్రీ గొంతు వారి కువి భాషలో కీర్తనలు వినిపిస్తుంది.

బాప్తిస్మం కోరేవారు ఒక కీర్తనను తప్పు లేకుండా ఒప్పజెప్పాలి. అది సంఘపెద్ద ఫల్గుణ పెట్టిన నియమం.

సోములమ్మ ఇప్పటికి రెండుసార్లు తడబడింది. కూతురు లోపల ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకుంటుంటే, బాప్తిస్మం లేని తల్లి పాక బయట చెప్పుల పక్కన కూర్చునేది.

ఈ ఆదివారం మూడో ప్రయత్నం. ఇది తప్పితే, పాస్టరు నవీన్ మళ్లీ ఈ కొండ ఎక్కేది వానలు వెనకపట్టాకే.

గురువారం ఉదయం పెట్టె మూగబోయింది. బాగుచేయించమని దానిని కిందికి పంపారు.

సోములమ్మకు కీర్తన ఇంకా సగమే వచ్చింది.

సాయంత్రం జీపులో ఒక కొత్త మనిషి వచ్చింది. నడివయసు స్త్రీ. మెడ చుట్టూ తెల్లని గుడ్డ. ఎవరు పలకరించినా చేతులు జోడించడమే తప్ప మాట లేదు. పాకలోకి వెళ్లి, పెట్టె లేని మేకును చేత్తో తడిమి, చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆమెకు తల దాచుకోవడానికి సోములమ్మ తన అరుగు చూపించింది.

మర్నాడు సోములమ్మ చోళ్లు చెరుగుతూ కీర్తన వల్లె వేసుకుంటోంది. కొండల వైపు కళ్లెత్తి, సాయం ఎక్కణ్నుంచి వస్తుందని అడిగే కీర్తన అది. ఒకచోట ఆమె మాట మార్చేసింది. అరుగు మీది మనిషి తల అడ్డంగా ఊపింది.

"తప్పా?"

అవునన్నట్టు సైగ.

"మా బాస వచ్చేటి నీకు?"

మళ్లీ అదే సైగ.

"మరి నోరిప్పవేటి అక్కా? ముత్యాలు రాలిపోతాయేటి?"

ఆమె నవ్వి, మెడ మీది గుడ్డ సర్దుకుంది.

ఆ తరువాత ఆమె కీర్తనలోని ఒక్కో మాటనూ సైగలతో నేర్పింది. ఎదుటి కొండను చూపించింది. పాచి పట్టిన రాతి మీద తడబడబోయి నిలదొక్కుకున్న తన పాదాన్ని చూపించింది. కుడిచేతి పక్కన పడిన నీడను చూపించింది. శబ్దం లేకుండా పెదాలు కదిపితే, వాటిని చూసి సోములమ్మ మాటలు అందుకుంది. శనివారం పొద్దు వాలేసరికి కీర్తన మొత్తం ఆమె సొంతమయింది.

వీధిలోంచి ఫల్గుణ అదంతా చూశాడు.

"పెదాలు ఆడతన్నాయి, మాట పైకి రాదు. ఇది పార్థనేటి? చిల్లంగి పెట్టేవోళ్లు అలాగే గొణుగుతారు" అన్నాడు.

ఆ ఊరు కొలిచే దేవుడు మారి ఒక తరం గడిచింది. చేతబడి భయం మాత్రం చోటు మారలేదు. అదే సాయంత్రం పక్కింటి బిడ్డకు జ్వరం తగిలింది. అంతకు మించిన సాక్ష్యం ఎవరికీ అవసరమనిపించలేదు.

ఆదివారం పాస్టరు వచ్చాక, బాప్తిస్మానికి అందరూ గెడ్డ వాగు ఒడ్డున చేరారు. సోములమ్మ ఒక్క తప్పు లేకుండా కీర్తన ఒప్పజెప్పింది. వెనక నిలబడి ఆ స్త్రీ కళ్లు మూసుకుని, ప్రతి మాటతో పాటు పెదాలు కదిపింది.

ఫల్గుణ ఆమె ఎదుటికి వెళ్లాడు.

"నువ్వో వాక్యం సెప్పు."

ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఒక తల్లి తన బిడ్డను వెనక్కి లాక్కుంది.

ఫల్గుణ ఇటు తిరిగాడు. "సోములమ్మా, ఈ కీర్తన నీకెవలు నేర్పినారు?"

చిల్లంగి మనిషని అనుమానించినామె నేర్పిందని నిజం చెబితే కీర్తన చెల్లదు. మళ్లీ చెప్పుల పక్కనే చోటు.

"పెట్టె నేర్పింది" అంది సోములమ్మ.

ఆ స్త్రీ ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

గొడవలు వద్దనీ, కిందికి వెళ్లే జీపులో ఆమెను పంపేయమనీ పాస్టరు సలహా ఇచ్చాడు. చింతపండు బస్తాల మీద ఆమెను ఎక్కించారు. మలుపు తిరిగేముందు ఆమె చెయ్యెత్తి ఎదుటి కొండను చూపించింది.

ఆ రోజు సోములమ్మ బాప్తిస్మం పొందింది. పాకలో చాప మీద కూర్చుని రొట్టె అందుకుంది.

మరుసటి వారం కీర్తనలు రికార్డు చేసే సంస్థ నుంచి గాయత్రి అనే యువతి, బాగుచేసిన పెట్టె తీసుకుని కొండ ఎక్కింది. దానిని మేకుకు తగిలించి మీట నొక్కింది. పాత గొంతు కొండల కీర్తన అందుకుంది.

"మెడకి గుడ్డ కట్టుకుని మా అక్క ఇక్కడికే వచ్చింది కదా?" అని అడిగింది గాయత్రి. "తిరిగొచ్చాక ఎలా జరిగిందని అడిగితే నవ్విందంతే. మంగళవారం పోయింది."

గాయత్రి పెట్టె మీద చెయ్యి వేసింది.

"గొంతులో పుండుకి వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. కీర్తనలన్నీ రికార్డు చేయడం అయ్యేదాకా ఒప్పుకోలేదు. ఆలస్యంగా చేసిన ఆపరేషన్‌లో మాట పోయింది, ప్రాణమూ దక్కలేదు. మీ నోట ఒక్కసారి వినాలని ఆశపడింది. ఈ గొంతు ఆవిడదే."

ఇది చదువుతున్న మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను: ఈసారి రొట్టె అందుకునే ముందు, మీరు నోరు మెదపనందువల్ల బయట మిగిలిపోయిన మనిషి పేరు చెప్పండి.