హెడ్లీ పోయిన రోజుకి ఓ తోట

“చచ్చినా ఈ తోటకి రాను!” అన్నాడు హెడ్లీ, చేతికర్రతో బల్లని ఒక్క పోటు పొడిచి.

“చచ్చాకే కదా నాన్నా రావలసింది,” అంది గిలియన్.

నిజమే మరి. ఎనభై నాలుగేళ్ళ హెడ్లీ ప్రాబర్ట్ తను పోయాక జరిగే విందుకి తనే తోట ఉన్న పబ్బు వెతుక్కుంటున్నాడు. ఇంగ్లండులోని ఆ హెర్‌ఫర్డ్ పల్లెల్లో ఎవరు పోయినా, చర్చిలో ప్రార్థన కాగానే జనం నేరుగా పబ్బుకే నడుస్తారు. పొద్దుటినుంచి కూతురి చేత కారు తోలిస్తూ ఆయన చూసినవాటిలో ఇది రెండోది. మొదటి తోట నిండా కందిరీగలు. ఇక్కడేమో కంచె పక్కనే రోడ్డు, ట్రాక్టర్ల మోత.

“ఎందుకంత పట్టింపు? నువ్వేమన్నా చూడొస్తావా?”

“నార్మన్ గాడు పోయినప్పటి విందు చూశావుగా? లోపలెక్కడో, మరుగుదొడ్డి పక్కన, కిటికీ కూడా లేని గది. అరగంటకే అందరూ వెళ్ళిపోడానికి కోట్లు తొడుక్కున్నారు. నేనూ తొడుక్కున్నాను, సిగ్గులేకుండా! నలభై ఏళ్ళు వాడి పక్కన నిలబడి చర్చి గంటలు కొట్టినవాణ్ణి.” హెడ్లీ కర్రని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “నాకలా వద్దు. ఎండుండాలి, నీడుండాలి, బీరు బావుండాలి. మా గంటల జట్టులో మిగిలిన ఆ నలుగురూ చీకటిపడేదాకా కూర్చుని నన్ను తిట్టిపొయ్యాలి.”

“ఒకవేళ జనవరిలో పోతేనో? మంచులో కూర్చోబెడతావా వాళ్ళని?”

“జనవరిలో ఎందుకు పోతానే? నాకు ఆమాత్రం బుద్ధి లేదనుకున్నావా?”

ఈ మనిషితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. గిలియన్ కారు తీసింది.

మూడోదాని పేరు ‘కుంటి బాతు’. వెనక తోటలో అడుగుపెట్టగానే హెడ్లీ టక్కున నిలబడిపోయాడు. వాగు దాకా వాలుగా పచ్చిక, రెండు ముసలి ఆపిల్ చెట్లు, వాటి కింద పొడుగాటి బల్ల. ఆయన ప్రతి బెంచీ మీదా కూర్చుని లేచాడు. ఎండ ఎటునుంచి ఎటు తిరుగుతుందో చూసుకున్నాడు. మరుగుదొడ్డి దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళొచ్చాడు.

“ఇరవై రెండు. మా జట్టులో క్లెమెంట్ కూడా మధ్యలో పరువు పోగొట్టుకోకుండా చేరతాడు.”

తరవాత అరగ్లాసు బీరు తెప్పించుకుని, ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

“ఇదేనే అమ్మాయ్. ఇంక నేను హాయిగా పోవచ్చు.”

“ఇక్కడే పోకు నాన్నా. ఇంటికెళ్ళాక చూద్దాం.”

పబ్బు యజమానురాలు నెరిస్ లావుపాటి డైరీ పట్టుకుని వచ్చింది. సంగతి చెబితే ఆవిడ కనుబొమ్మ కూడా కదపలేదు.

“తేదీ ఎప్పుడండీ?”

“అది పైవాణ్ణడగాలి.”

“సరే, ఖాళీ వదిలేస్తా. ఎంతమంది?”

“ఊరంతా వస్తారు, శాండ్‌విచ్‌లు మింగి చక్కాపోతారు. వాళ్ళనొదిలెయ్. చివరిదాకా ఉండేది నలుగురు. రాసుకో. క్లెమెంట్, బాసిల్, ఈనిడ్, ఆస్విన్. ఆపిల్ చెట్ల కింద బల్ల వాళ్ళకి.”

నెరిస్ కలం ఆగిపోయింది. ఆయన్ని ఎగాదిగా చూసింది.

“అయితే హెడ్లీ గారంటే మీరేనా!”

“నా పేరు నీకెలా తెలుసు?”

ఆవిడ నవ్వుతూ డైరీ వెనక్కి తిప్పింది. “క్లెమెంట్ గారు ఈస్టర్ అప్పుడే వచ్చారు. ఈనిడ్ గారు మే నెలలో. బాసిల్ గారూ ఆస్విన్ గారూ పోయిన వారం, ఒకరికి తెలియకుండా ఒకరు. నలుగురూ ఎవరి విందుకి వాళ్ళు ఇదే తోట, అదే బల్ల రాయించుకున్నారు.”

“దొంగ సచ్చినోళ్ళు!” హెడ్లీ మొహం జేవురించింది. “ఒక్కళ్ళన్నా నాతో అన్నారా? పొద్దుటినుంచీ కందిరీగల చేత కుట్టించుకుంటూ నేను ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే!”

“కోప్పడకండి. చివరిదాకా ఉండేవాళ్ళలో అందరూ మీ పేరే ముందు రాయించారు. మిగతావాళ్ళ పేర్ల పక్కన ‘బతికుంటే’ అని రాయమన్నారు. మీ పేరు పక్కన మాత్రం ‘తప్పకుండా వస్తాడు’ అని. ‘హెడ్లీ గాడు గుండ్రాయి, మమ్మల్నందర్నీ సాగనంపి గానీ కదలడు’ అన్నారు ఆస్విన్ గారు.”

హెడ్లీ ఉబ్బిపోయాడు. “అదీ మాట! మొన్న డాక్టరూ అదే అన్నాడు. నా గుండె యాభై ఏళ్ళవాడి గుండెట.” దర్జాగా గ్లాసెత్తాడు. ఎత్తినవాడు నోటిదాకా తీసుకెళ్ళకుండానే ఆగిపోయాడు.

గ్లాసు దించి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. క్లెమెంట్. ఈనిడ్. బాసిల్. ఆస్విన్. ఆపిల్ చెట్ల కిందికి చూశాడు. ఆయన మొహం వాడిపోయింది.

“అయితే నా వంతొచ్చేసరికి,” అన్నాడు మెల్లిగా, “ఆ బల్ల దగ్గర ఎవరుంటారే?”

గిలియన్ ఆయన భుజమ్మీద చెయ్యి వేసింది. నెరిసే అందుకుంది.

“నేనుంటాను కదండీ, పెద్దాయనా.”

“నువ్వు బీరు పోస్తావమ్మా. తిట్టవుగా.”

ఉన్నట్టుండి హెడ్లీ కర్ర అందుకుని లేచాడు.

“పదవే గిలియన్. దారిలో ఏదన్నా కొట్టు దగ్గర ఆపు. ఆ నలుగురికంటే ముందు పోవాలంటే ఇవాళే సిగరెట్లు మొదలెట్టాలి.”