మలకీ సాధించిన నిశ్శబ్దం

"ఇంకొక్కసారి ఆ హారన్ ఊదారంటే నేను ఊరుకోను," అన్నాడు మలకీ వెనక్కి తిరిగి.

వెనక వరుసలో బూడిదరంగు వానకోటు వేసుకున్న ఆవిడ, గ్యాసు డబ్బాకు బిగించిన ఎర్ర హారన్ ఒళ్లో పెట్టుకుని హామ్ శాండ్‌విచ్ తింటోంది. "ఊరుకోక ఏం చేస్తారు పెద్దాయనా?" అంది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ఐర్లండ్‌లో కర్రలతో బంతిని కొట్టి ఆడే హర్లింగ్ ఆటకు కౌంటీ ఫైనల్ అది. మలకీ ఊరి జట్టు కిల్‌డెర్విన్ అంతదాకా వచ్చి ఇరవై ఆరేళ్లయింది. కుక్కలు తప్ప ఊరంతా వచ్చింది. రెండు కుక్కలు కూడా వచ్చాయి. కుర్రకారు డప్పులు బాదుతున్నారు. అది ఉత్సాహం. మలకీ తన తాత నాటి చెక్క గిలకను గిరగిరా తిప్పి కటకటలాడిస్తున్నాడు. అది సంప్రదాయం. నిరుడే ఊళ్లోకి వచ్చి కిల్‌డెర్విన్ జట్టులో చేరిన ఓరన్ ఫ్రీ షాటు కొట్టబోయిన ప్రతిసారీ, అందరూ ఊపిరి బిగబట్టి ఉండగా, ఈవిడ మాత్రం భోంయ్‌మని ఊదుతోంది. అది మలకీ లెక్కలో అనాగరికం.

"అవతలి జట్టు బాలీమోర్న వాళ్లు పంపారా మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

"మరి సరిగ్గా అతను కొట్టేటప్పుడే ఎందుకు ఊదడం?"

"వాడికి వినపడాలని."

"పైగా వాడూ వీడూనా? మా ఓరన్ ఇప్పటికి తొమ్మిది కొట్టాడు. తొమ్మిదీ గోల్ అడ్డుకర్ర మీదుగా వెళ్లి పాయింట్లయ్యాయి. మీ పప్పులు ఉడకలేదు."

"చూస్తూనే ఉన్నాను," అందావిడ, ఒళ్లో పడ్డ రొట్టె పొడి దులుపుకుంటూ.

ఆఖరి నిమిషం. కిల్‌డెర్విన్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ఓరన్‌కు ఫ్రీ షాటు దొరికింది. దూరం తక్కువే. కొడితే ఆట సమమవుతుంది.

దెబ్బతగిలిన ఆటగాణ్ణి ఇంకా బయటికి మోసుకెళుతుండగానే ఆవిడ చెయ్యి హారన్ మీదికి వెళ్లడం చూశాడు మలకీ. ఏడాదిగా కుంటుతున్న మోకాలు ఉన్నట్టుండి బాగైపోయింది. గబగబా మెట్లు దిగి, జనాన్ని అదుపుచేసే స్టీవార్డును లాక్కొచ్చాడు.

"చప్పుడు చేసే పరికరాలు నిషిద్ధం. గేటు దగ్గర మీ బోర్డే చెబుతోంది."

స్టీవార్డు మలకీ చేతిలోకి చూశాడు. "మరి ఈ గిలక?"

"ఇది వాద్యం."

వాదించే ఓపిక లేక స్టీవార్డు హారన్ అందుకున్నాడు. "ఈ ఒక్కసారికీ ఉండనివ్వు బాబూ, తరవాత నువ్వే ఉంచుకో," అని ఆవిడ బతిమాలింది. రూల్ అంటే రూలేనన్నాడు మలకీ.

అంతటితో ఆగలేదు. లేచి నిలబడి, పూజలో ఫాదర్‌లా రెండు చేతులూ చాచి స్టాండునంతా హుష్ అన్నాడు. డప్పులు ఆగాయి. ఎక్కడో ఒక కాకి అరిచింది, అంతే.

ఓరన్ బంతి దగ్గర నిలబడ్డాడు. కాస్త ఆగాడు. ఒకసారి స్టాండు వైపు చూశాడు. మళ్లీ వంగి కొట్టాడు. బంతి కుడి స్తంభానికి జానెడు అవతలగా పోయింది. ఆ వెంటనే ఆట ముగిసిందని రెఫరీ విజిల్ ఊదాడు.

"చూశారా, ఇందాకంతా ఊది ఊది కుర్రాణ్ణి బెదరగొట్టారు," అన్నాడు మలకీ.

ఓరన్ హెల్మెట్ తీసేసి, కళ్లు తుడుచుకుంటూ నేరుగా వాళ్ల వైపే వచ్చాడు. ఓదార్చడానికి మలకీ కమ్మీ మీదుగా చెయ్యి చాచాడు. ఓరన్ ఆ చెయ్యి చూడనేలేదు. వెనకున్న వానకోటు ఆవిడకేసి చూశాడు.

"ఎందుకు ఊదలేదమ్మా? చలికాలమంతా పెరట్లో నువ్వు వెనక నిలబడి ఊదుతుంటేనే కదా నేను కొట్టడం నేర్చుకుంది?"