అడుగు వరస పెట్టెలు

"పైపైన రెండు పెట్టెలు చూసి వదిలెయ్యకండి. అన్నీ దింపించండి," అంది వదిన.

మరిది చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు. సరిహద్దు గేటు దగ్గర ఎవరైనా "త్వరగా పంపించండి సార్" అని బతిమాలతారు. కోరి లారీ దింపించుకునేవాళ్లని అతనెక్కడా చూడలేదు.

తనిఖీ అధికారి కూడా ఇబ్బందిగా నవ్వాడు. "అంత అవసరం లేదమ్మా. మీ లారీలో కూడని సరుకుందని పొద్దున ఎవరో మా ఆఫీసుకి ఫోన్ చేశారు. ఫోనొచ్చాక చూడకపోతే మాకు తప్పు. పెట్టెల మీద మీ ఆయన ముద్ర చూశాక ఇంక చూసేదేముంది?"

ఆ ముద్ర అలాంటిది. పాత కార్లు కొని, విప్పి, పనికొచ్చే భాగాలు అవతలి దేశానికి పంపడం వాళ్ల వ్యాపారం. అన్న ఉన్నన్నాళ్లూ ప్రతి భాగాన్నీ తన చేత్తో తిప్పి చూసి, బాగుంటేనే పెట్టెలో పెట్టించేవాడు. అందుకే అందరూ ఆయన్ని 'గ్యారంటీ' అని పిలిచేవారు. చివరికి ఆ మాటే పెట్టెల మీద ముద్ర అయి కూర్చుంది. అవతలి మెకానిక్కులు ముద్ర చూసి, విప్పకుండానే కొనేవారు. ఆయన పోయాక యార్డు వదినది, మరిదిది అయింది.

"ముద్ర చూసి వదలడమేంటండీ? ఫోన్ వచ్చిందంటున్నారు. చూడండి," అంది వదిన.

"వదినా, వెనకాల బోలెడు బళ్లున్నాయి," మరిది నవ్వు పులుముకున్నాడు.

"ఉండనీ. ఇక్కడెవరికీ రైలు తప్పిపోవట్లేదు."

ఎన్నడూ సరిహద్దు మొహం చూడని మనిషి, ఇవాళ తెల్లారేసరికి లారీ ఎక్కి కూర్చుంది. పోన్లే, గ్యారంటీ భార్యంటే గేటు దగ్గర గౌరవం ఉంటుంది కదా అని అతనూ సంతోషించాడు. ఇప్పుడా గౌరవమే కొంప ముంచేలా ఉంది. మొగుడి పేరంటే ఆవిడకి ఒళ్లు తెలీదు. పిచ్చిది, అడుగు వరసలో ఏముందో తెలిస్తే ఇలా రొమ్ము విరుచుకుని నిలబడుతుందా?

కూలీలు పెట్టెలు దింపారు. డోర్లు, హెడ్‌లైట్లు, గేర్‌బాక్సులు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అధికారి చేతులు దులుపుకున్నాడు.

"చాలమ్మా. ఎవరో గిట్టనివాళ్లు చేసుంటారు."

"అడుగు వరస మిగిలింది," అంది వదిన.

మరిది ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ విదిలించుకుంది.

ఆ వరసలో బ్రేకు సిలిండర్లున్నాయి. కొత్తవాటిలా నల్లగా నిగనిగలాడుతున్నాయి. అధికారి ఒకదాన్ని తీసి గోరుతో గీశాడు. రంగు పెచ్చుగా లేచి, కింద ఎర్రటి తుప్పు బయటపడింది. బోర్లిస్తే లోపల్నుంచి ఎండిన బురద రాలింది. మొన్న వరదలో మునిగిన కార్లవి. అలాంటి బ్రేకులు దాటించడం రెండు దేశాల్లోనూ నేరం.

వదిన వంగి, ఆ బురదని వేళ్లతో నలిపి చూసింది.

"ఇవెవరు సర్దారు?" అధికారి గొంతు మారిపోయింది.

మరిది అటూ ఇటూ చూశాడు. వీటిని కరిగించడానికి పంపెయ్యమని వదిన చెప్పినప్పుడు, పంపేశానని ఆవిడ మొహం మీదే చెప్పాడు. ఎదురుగా లారీ పక్కన డ్రైవర్ కనిపించాడు. అన్న కాలం నుంచీ ఉన్న ముసలాయన.

"మాకు తెలీదు సార్. ఈ డ్రైవరే దారిలో ఎక్కించుకుని ఉంటాడు."

డ్రైవర్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "బాబూ, ఎంత మాట!"

వదిన వచ్చి డ్రైవర్‌కి ముందు నిలబడింది. "ఆయన జోలికి రావద్దు. పెట్టెలు మా యార్డువి, ముద్ర మాది. ఏం రాసుకుంటారో మా పేరు మీదే రాసుకోండి."

"యార్డు మూతపడుతుందమ్మా. కేసవుతుంది. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించే చెబుతున్నాను. ఈ బ్రేకు నమ్ముకుని అవతల ఎవడో పిల్లల్ని బండెక్కిస్తాడు. మూతపడితే పడనివ్వండి."

సరుకంతా అక్కడే ఉండిపోయింది. వెనక్కి వస్తుంటే ఖాళీ లారీ గతుకుల మీద డబ్బాలా మోగింది. ఇంజను వేడెక్కితే డ్రైవర్ రోడ్డు పక్కన ఆపి, నీళ్లు పోయడానికి దిగాడు. అప్పటిదాకా పళ్లు బిగించి కూర్చున్న మరిది అతని వెనకే దూకాడు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను. అడుగు వరస సర్దింది నువ్వూ నేనూ. మూడోవాడు లేడు. చెప్పు, నువ్వే కదూ ఊదింది?"

"నా పిల్లలమీద ఒట్టు బాబూ, నాకు తెలీదు. మీరు మోయమంటే మోశాను, అంతే."

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? నీ వల్ల మా కుటుంబం రోడ్డున పడింది!" అతని కాలర్ పట్టుకుని లారీకేసి నొక్కాడు. డ్రైవర్ చేతిలో నీళ్ల డబ్బా జారి రోడ్డు మీద దొర్లిపోయింది.

వదిన క్యాబిన్ లోంచి దిగి, తిన్నగా వాళ్ల దగ్గరికొచ్చింది. మరిది వేళ్లని ఒక్కొక్కటే కాలర్ నుంచి విడదీసింది. అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"అవి కరిగించే చోటికి చేరలేదని నిన్ననే కనుక్కున్నాను. ఫోన్ చేసింది నేను."