అతను లేచాక

"లేస్తావా, ఈ టేబుల్ తిరగెయ్యమంటావా?" అంది డార్లీన్, మొగుడి భుజం పట్టి లాగుతూ.

క్లేటన్ పేకముక్కల మీంచి తల ఎత్తలేదు. "పనిలో ఉన్నాను."

"పనా! కరెంటు పని మానేసి ఆర్నెల్లయింది. మళ్ళీ తీసుకుంటాడట మేస్త్రీ, ఇవాళ ఐదింటిలోగా రాకపోతే మాత్రం ఆ ఉద్యోగం ఇంకొకడికి ఇచ్చేస్తానన్నాడు."

"ఇచ్చుకోమను. ఈ లాస్ వేగస్‌లో పోకర్ ఆడి ఇల్లు నడిపేవాళ్ళు లేరా? ఆర్నీని అడుగు. ఏళ్ళ తరబడి ఆయనకిదే జీవనం."

ఎదురుగా కూర్చున్న ముసలి ఆర్నీ నవ్వాడు. "నిజమేనమ్మా. మీ ఆయనా మంచి ఆటగాడే. ఈ మధ్య కాస్త కాలం కలిసిరావడం లేదంతే."

"విన్నావా? వీళ్ళకి నేనంటే ఎంత గౌరవమో! నేనొచ్చేదాకా నా కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోనివ్వరు."

"కుర్చీ సరే, ఇంటికి ఒక్క డాలరైనా తెచ్చిన మొహమేనా అది?"

అందరి ముందూ ఆ మాట అనేసరికి క్లేటన్ మండిపడ్డాడు. మిగిలిన పందెం బిళ్ళలు, ఆ నాలుగు చిప్స్, జేబులో కుక్కుకుని విసురుగా లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాక, టోపీ మర్చిపోయానని వెనక్కి వచ్చాడు.

టేబుల్ దగ్గర మిగతా ఆరుగురూ లేచి చిప్స్ సర్దుకుంటున్నారు.

"అదేంటి, ఆపేశారు? ఇంకా ఆరుగురున్నారుగా?"

ఎవరూ అతని మొహం చూడలేదు. ఆర్నీ మాత్రం టోపీ అందించబోతూ అన్నాడు: "మాలో మేం ఆడుకుంటే ఎవరికేం మిగుల్తుంది, అబ్బాయ్? రేపు పెందరాళే రా. నీ కుర్చీ నీకుంటుంది."

క్లేటన్ టోపీ అందుకోలేదు. కాసేపు ఆ ఖాళీ కుర్చీని చూసి, డార్లీన్ వైపు తిరిగాడు.

"టైమెంతయింది?"