గేటు ముందు బండ

విజేందర్ గేటు ముందున్న బండ మీద మళ్లీ నిమ్మకాయ కనిపించింది.

పసుపు, కుంకుమ, రెండు అగరొత్తులు.

"నిరుడు మిరుగు కార్తె ముంగట గిట్లనే పెట్టిండ్రు. మనింటి మీద ఎవడో చేతబడి చేస్తుండు," అన్నాడు భార్యతో.

"ఆటో తోలుకునేటోని మీద గంత ఖర్చు ఎవడు పెడ్తడు?" అంది స్వరూప.

బండ పక్కనే ఒక ముసలాయన. చేతిలో పార, తట్ట.

"ఏం తాతా, మా గేటు ముంగట ఏం పని?"

"బండ లేపాలె బిడ్డా. కింద వాగున్నది. వానలు రాకముందే పూడిక తియ్యాలె."

"నల్లగొండ నడుమ వాగేంది?"

"జర చెవి పెట్టి ఇను."

విజేందర్ వినలేదు. ప్లాట్లు అమ్మినవాళ్లు మ్యాపులో వాగు గీయలేదు. గీయంది ఉండదు కదా.

సాయంత్రానికల్లా బండ మీద సిమెంటు పోయించి ర్యాంపు కట్టించాడు. చేతబడి పీడా వదిలింది, ఆటో లోపలికి ఎక్కించడమూ సులువైంది.

మర్నాడు ముసలాయన వచ్చి పచ్చి సిమెంటును చాలాసేపు చూశాడు.

"ఇగ దిగువ నుంచే రావాలె," అన్నాడు.

"ఎటునుంచన్న రా. నా గేటు కాడికి మాత్రం రాకు."

నాలుగో రోజు వాన పట్టుకుంది.

మధ్యాహ్నానికి మోరీలు ఎదురు తన్నాయి. కాలనీ నీళ్లన్నీ విజేందర్ ఇంట్లోకే వచ్చాయి. మోకాళ్లు దాటాయి. పద్దెనిమిదేళ్లు ఆటో తోలి కట్టుకున్న ఇల్లు. వెనక గోడ నిలువునా పగిలింది.

"గోడ ఒరుగుతాంది, బయటికి రా," అంది స్వరూప, అతని చెయ్యి పట్టి గుంజుతూ.

అప్పుడే నేల కింద ఏదో మూలిగింది.

మోరీల్లో నీళ్లు సుడి తిరిగాయి. వాన కురుస్తూనే ఉంది, ఇంట్లో నీళ్లు మాత్రం దిగిపోయాయి. ఒరిగిన గోడ ఒరిగినట్టే ఆగింది.

విజేందర్ తడి నేల మీద చెవి ఆనించాడు.

వాగు పోతోంది. ఊరి కంటే పాతది, ఊరిని పట్టించుకోకుండా పోతోంది.

మర్నాడు వాన వెలిశాక సిమెంటు పగలగొట్టి, బండ లేపి, టార్చితో వాగులోకి దిగాడు.

మనిషి నిలబడేంత ఎత్తు. రెండు వైపులా చెక్కిన రాతి గోడలు. అడుగున పిడికెడు మట్టి లేదు. పైన గూట్లో ఎండిపోయిన నిమ్మకాయలు, ఏటికొకటి చొప్పున, వరుసగా. చివరిది నిరుటిది.



పైనుంచి పక్కింటి యాదయ్య పిలిచాడు.

"దిగువన వాగు బయటపడే కాడ ఎవరో ముసలాయన కొట్టుకొచ్చిండట. పానం లేదు. పార మాత్రం ఇడిసిపెట్టలేదట."

"ఎవరు?"

"బస్టాండ్ కాడ కిరాయి అర్రల ఉంటుండె. మారయ్య అంటరు."

విజేందర్ పైకొచ్చేసరికి స్వరూప తడిసిన ఇంటి కాగితాలు డాబా మీద ఆరబెడుతోంది. అన్నింటికన్నా పాత కాగితం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"గీ పేరు చూడు," అంది.

వాళ్ల ఇల్లున్న జాగా, ఆ వాగు పూడిక తీసినందుకు ఊరి నీళ్లు చూసుకునే నీరటి మారయ్యకు ఊరు ఇచ్చిన మాన్యం. అది చేజారి ముప్పై ఏళ్లయినా ఆయన పని మానలేదు.