అండమాన్‌లో సద్దుల బతుకమ్మ

కూతురు చనిపోయిన ఏడాది ఇంట్లో బతుకమ్మ ఆడకూడదు. లక్సెట్టిపేటలో వాడవాడలా వినిపించే పాటలు తట్టుకోలేదని, ఆ తొమ్మిది రోజులకు నా భార్య మహేశ్వరిని అండమాన్ తీసుకొచ్చాను.

ఎనిమిది రోజులు ఇసుకలో కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఆకలైతే తిన్నాం, నిద్రొస్తే పడుకున్నాం.

తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఆమె అరటాకు మీద దేవగన్నేరు పూలు పేర్చింది.

"ఇంట్ల ఆడొద్దన్నరు. గిది ఇల్లు కాదు గదా," అంది.

నీళ్లలో వదిలితే అల వెనక్కి తెచ్చింది. మళ్లీ వదిలితే మళ్లీ తెచ్చింది. పిల్ల పోయాక మొదటిసారి మహేశ్వరి నవ్వింది.

"సూడు, పోనంటుంది!"

చీకటి పడుతోందని, నేనే దాన్ని రొమ్ములోతు నీళ్లలోకి మోసుకెళ్లి వదిలి వచ్చాను.

ఆమె నవ్వు ఆగిపోయింది.

"పిల్ల గూడ జరమొచ్చి, పోనని ఏడ్సింది. గప్పుడు గూడ నువ్వే హాస్టల్ల దించొచ్చినవ్."