ఆకురాయి

"చేతిరంపాలు మా మ్యూజియంలో బోలెడున్నాయి పెద్దాయనా. పదును పెట్టడం తెలిసినవాళ్లే లేరు. సైగతోనైనా చెప్పండి," అన్నాడు మ్యూజియం అధికారి.

మంచం మీది ముసలి వడ్రంగి నోరు తెరిచాడు. పక్షవాతం వచ్చాక మాట పోయింది, కుడిచెయ్యి లేవదు.

"పోనీ, మీరైనా నేర్చుకోలేదా అమ్మా?" అని ఆయన కూతుర్ని అడిగాడు అధికారి.

"నేర్పమని చిన్నప్పుడు వెంటపడ్డానండీ. ఆడపిల్లకెందుకే అని కసిరారు నాన్న."

వడ్రంగి ఎడంచేత్తో తడిమి, రంపం పళ్లు అరగదీసే ఆకురాయిని ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె గబగబా అధికారి తెచ్చిన రంపాన్ని ఒళ్లోకి తీసుకుని, ఆకురాయిని పంటికి ఆనించింది. "ఇలాగేనా?"

కాదన్నట్టు తల ఆడించాడు.

కాస్త వంచింది. మళ్లీ కాదన్నాడు.

"మరెలా పట్టను నాన్నా?"

లేవని కుడిచేతి వంక చూసుకుని, ఆయన కళ్లు మూసుకున్నాడు.